ఒకే సభ రెండుసార్లు

మా తెలుగు సంఘం పెద్దాయన పోయాక సంస్మరణ సభ గురించి మాట్లాడడానికి సెక్టర్ 4లోని సంఘం గదిలో కూర్చున్నాం. శనివారం ఉదయం పదకొండు గంటలకు ఖాయం చేశారు. ముఖ్య అతిథిగా వచ్చే అధికారికి అప్పుడే వీలవుతుందట.

నాకు ఒళ్లు మండింది. పెద్దాయన బతికినన్నాళ్లూ ఏ సభనైనా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జరిపేవారు. ఉగాదినాటి పంచాంగ శ్రవణమైనా అంతే, పంతులుగారు గొణిగినా వినేవారు కాదు. ఇది హిందీ రాష్ట్రంలోని ఫ్యాక్టరీల ఊరు, షిఫ్టుల ఊరు. పొద్దున పనిలో ఉన్నవాళ్లు సాయంత్రం వస్తారు. నలుగురే వచ్చినా సరే, పొద్దున చెప్పిందంతా విసుగు లేకుండా మళ్లీ చెప్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఆయన చలవతో జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరినవాళ్లు శనివారం పొద్దున ఎలా వస్తారు?

"సాయంత్రం కూడా పెడదామండీ," అన్నాను.

మా కార్యదర్శి రిటైరైన ఇంజనీరు. "ఏటయ్యా, ఆయనేటి రెండుసార్లు పోయాడా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ గదిలోని బీరువాల్లో ఉన్న పుస్తకాలన్నీ చదివి ఈమాత్రం మాట్లాడడం నేర్చుకున్నాను. ఆ గర్వంతోనే వాదనను ప్రాచీన గ్రీకుల నగరసభల దాకా తీసుకెళ్లాను.

"గ్రీకులకి నైట్ షిఫ్ట్ లేదులే భయ్యా," అన్నాడు కార్యదర్శి. మళ్లీ నవ్వులు. చివరికి, "సరే, సాయంత్రం దాకా గది తెరిచే ఉంచుతాం. నువ్వే చూసుకో," అన్నాడు. మర్నాడే జాముల్ వెళ్లి, ఆరింటికి రమ్మని అందరికీ చెప్పి వచ్చాను.

శనివారం శాలువాలు కప్పారు. పెద్దాయనను ఒక్కసారైనా కలవని అతిథి హిందీలో చాలాసేపు మాట్లాడాడు. నాలుగు పేజీలు రాసుకెళ్లిన నేను మొదటి పేజీ సగంలో ఉండగానే గంట కొట్టారు. భోజనాలయ్యాక ఇంటికి వెళ్లి, అయిదున్నరకు తిరిగొస్తే తలుపుకు తాళం వేసి ఉంది.

ఫోన్ చేస్తే కార్యదర్శి స్మృతి నగర్‌లో తన ఇంట్లో ఉన్నాడు. "అరే, మర్చిపోయానోయ్! తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. పెద్దాయన ఫోటో కూడా కారులోనే ఉంది. ఇప్పుడేం వస్తాను, రేపు చూద్దాం."

ఆరింటికి వాళ్లు వచ్చారు, తొమ్మిదిమంది. మొహాలు కడుక్కుని, తలలు దువ్వుకుని వచ్చినా చెవుల వెనక సిమెంటు దుమ్ము పోలేదు. ఒకతని చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో బంతిపూల దండ.

"ఏటి మాస్టారూ, అయిపోనాదేటి?" అన్నాడతను. నాలుగు పుస్తకాలు చదివానని నన్ను అలా పిలుస్తారు.

"గదికి తాళం వేసి వెళ్లిపోయారు."

"మరి బాబుకి దండెక్కడెయ్యాల?"

"ఫోటో కార్యదర్శిగారి దగ్గరుంది. పదండి, వాళ్లింటికే వెళ్దాం."

అందరికంటే పెద్దవాడు తల అడ్డంగా ఊపాడు. "వద్దులెండి. ఆలింటికి మనమెల్తే బాగోదు. బాబుంటే ఆయన్తో ఎల్దుం."

దండను నా చేతిలో పెట్టి, వచ్చిన ఆటోల్లోనే వెళ్లిపోయారు.

ఆ మెట్ల మీదే కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోవడానికి మాకు తాళంచెవి అక్కర్లేదు, ఫోటో కూడా అక్కర్లేదు. వాళ్లు వెళ్లాక గాని నాకా సంగతి తట్టలేదు. కార్యదర్శి మీద కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. అందులో సగం నా మీదదే.