అద్దం లేని కెమెరా

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు. ఫొటో తీసేవాళ్ళు, బటన్ నొక్కేవాళ్ళు. మొదటి రకంలో నేనొక్కడినే ఉండేవాడిని. రెండో రకంలో మిగిలిన బిలాస్‌పూర్ అంతా ఉండేది, అందులోనూ ముందు వరసలో మా చిన్నత్త ఉండేది. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇలాంటి జబ్బులు పట్టుకుంటాయని, ఎవరూ మందు వెయ్యకపోయినా తగ్గుతాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఇంట్లో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని చెప్పి, పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే ఒకాయన దగ్గర చేరాను. (ఆయన నన్ను అసిస్టెంట్ అనేవాడు. నేను చేసేది లైటు గొడుగు పట్టుకోవడం.) రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకి గొడుగు పట్టిన తరవాత, ఇక చాలనుకుని, ఇంట్లో నిజం చెప్పేసి, సొంతంగా ఒక ప్రొఫెషనల్ మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. దాంతో నేను మొట్టమొదట తీయాల్సింది ఎవరి పెళ్ళీ కాదు, మా నాన్న ఆఖరి డ్యూటీ.

మా నాన్న లోకో పైలట్. (ఆ మాట ఆఫీసు కాగితాల్లోనే. ఇంట్లోనూ కాలనీలోనూ 'డ్రైవర్ గారు' అంటేనే పలుకుతాడు.) మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇంజిన్ల షెడ్‌లో ఖలాసీగా చేరిన నాటి నుంచి మాకు రైల్వే క్వార్టరే సొంతూరు. రిటైరయ్యే డ్రైవరు ఆఖరి బండి తెచ్చిన రోజున ఇంజిన్‌కి బంతిపూల దండలు కట్టి, ప్లాట్‌ఫారం మీద డప్పులు వాయించి, ఇంటిల్లిపాదీ వెళ్ళి ఆయన్ని ఇంటికి తోడుకుని రావడం ఇక్కడి ఆనవాయితీ. అక్కడ తీసిన ఫొటో ఆ ఇంటి హాల్లో టీవీ పైన ఉండి తీరాలి. మా ఇంట్లో అమ్మ ఆ మేకు ఆర్నెల్ల ముందే కొట్టించేసింది. నాన్న ఇంజిన్‌తో దిగిన ఫొటో ఒక్కటీ లేదు, నవ్వుతున్న ఫొటో అయితే అసలే లేదు. ఉన్నవన్నీ ఐడీ కార్డు మొహాలే. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన సిగ్నల్ పడుతుందా లేదా అన్నట్టు చూస్తుంటాడు. "ఇంజినూ పడాల, మనిషీ పడాల, ఆయన నవ్వాల. ఆ ఒక్కటీ తీసీరా నాయినా, నిన్నింకేటీ అడగను" అంది అమ్మ. ఆ రోజు పోతే మళ్ళీ రాదు. నేను ఛాతీ విరుచుకుని సరేనన్నాను.

కెమెరా పెట్టె విప్పిన పూట నాన్న డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్నాడు. "ఏటిది?" అన్నాడు. "మిర్రర్‌లెస్, నాన్నా" అన్నాను. "అంటే?" అన్నాడు. అక్కడ నేను చేసిన తప్పల్లా దాన్ని తెలుగులో చెప్పడం. "లోపల అద్దం ఉండదు" అన్నాను.

నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అద్దం లేదా? లేకండా నీకెలగ ఇచ్చీసినాడ్రా? నువ్వు చూసుకోలేదేటి?" అన్నాడు. లేకపోవడమే దీని గొప్పతనమని చెప్పాను. "ముందర లుకౌట్ గ్లాసు లేని ఇంజిన్‌ని షెడ్‌లో ఫిట్ అని రాస్తారేటి? నేనైతే ఛార్జే తీసుకోను" అన్నాడు. అది వేరే అద్దమని, దీనికి ముందర లెన్స్ ఉందని చూపించాను. "మరి ఇది అద్దమే కదా, లేదన్నావు?" అన్నాడు. ఇది చూసే అద్దమని, లేనిది మొహం కనిపించేలాంటి అద్దమని చెప్పాను. (పాత కెమెరాల్లో లెన్స్ వెనక చిన్న అద్దం ఉండి బొమ్మని మన కంటికి పంపేది. ఇప్పుడు ఆ పని తెరే చేస్తుంది. ఇంత చిన్న సంగతిని నేను ఆ వారంలో కనీసం ఇరవై సార్లు చెప్పి ఉంటాను.) "అంటే ముందు దీంట్లో ఉండీది?" అన్నాడు నాన్న. ఉండేది, తీసేశారన్నాను. "అచ్ఛా! తీసీసుకుని మిగతాది నీకు అంటగట్టినాడన్నమాట" అని, జాలిగా నా వైపు చూసి మిగిలిన టీ తాగేశాడు. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఇది చాలదని చిన్నత్త వచ్చింది. ఆవిడ నాన్నకి చెల్లెలు, మా వెనక వరస క్వార్టర్లోనే ఉంటుంది. ఆవిడ దగ్గర ఒక అల్ట్రా కాంపాక్ట్ కెమెరా ఉండేది. అరచేతిలో ఇమిడిపోయి, ఎర్రగా, నున్నగా ఉంటే నేను దానికి సబ్బుపెట్టె అని పేరు పెట్టాను. ఆవిడ పర్సులో వక్కపొడి డబ్బాకీ తాళాలగుత్తికీ మధ్య దాని కాపురం. "రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాంరా, ఏది బాగుంటాదో" అంది. పోటీకి దిగడమే నాకు అవమానం, అయినా దిగాను. అమ్మ పొయ్యి దగ్గర గారెలు వేస్తోంది. నేను లెన్స్ మార్చి, వెలుతురు చూసి, ఫోకస్ ఎక్కడ ఉండాలో ఆలోచించి, కిటికీ రెక్క ఒకటి మూయించి, అమ్మని అరడుగు ఎడమకి జరిపేలోపల రెండు వాయిలు అయిపోయాయి. చిన్నత్త గారె నములుతూనే ఒక చేత్తో టిక్కుమని నొక్కి పర్సులో పడేసింది. నా ఫొటోని లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపించాను. "చూడత్తా, నూనె బుడగలో కూడా కిటికీ కనిపిస్తోంది!" అన్నాను. "కిటికీ బాగుంది గానీ మీ అమ్మ కళ్ళు మూసీసింది కదరా" అంది. ఆవిడ ఫొటోలో అమ్మ నవ్వుతోంది, కాకపోతే కుడి మూల పావు వంతు చిన్నత్త బొటనవేలే ఉంది. ఆ సంగతి ఎత్తి చూపితే, "నా వేలు నా ఫొటోలో ఉంటే నీకేటి కష్టం?" అంది. దానికి జవాబు ఏ ఫొటోగ్రఫీ పుస్తకంలోనూ దొరకదు.

ఆఖరి డ్యూటీకి రెండు రోజుల ముందు, స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద కెమెరా లేదు. అమ్మని అడిగితే తాపీగా, "మీ నాన్న సిర్గిట్టి పట్టుకెళ్ళినారు. అద్దం వేయించుకొస్తానన్నారు" అంది. ఊరి చివర ఫ్యాక్టరీల వైపున్న సిర్గిట్టిలో మా నాన్న స్నేహితుడు, షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి మానేసిన ఫిట్టర్ మావయ్య, లేత్ మిషన్ పెట్టుకుని ఉంటాడు. స్కూటర్ నాన్న తీసుకెళ్ళిపోయాడు కాబట్టి తడి తలతోనే ఆటో ఎక్కి పరిగెత్తాను. వెళ్ళేసరికి లెన్స్ ఒక పక్క పాత న్యూస్ పేపర్ మీద ఉంది. నా కెమెరా నోరు తెరుచుకుని గ్రైండింగ్ మిషన్ పక్కన వెల్లకిలా పడుంది. ఫిట్టర్ మావయ్య ఏదో పాత స్కూటర్ అద్దాన్ని పైసా బిళ్ళంత గుండ్రంగా కోసి, అంచులు అరగదీసి, చేతిలో గమ్ము ట్యూబుతో సిద్ధంగా ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా, "వచ్చీసినావా అల్లుడూ, లోపల దుమ్ముంది, ఊదీసి అతికించీడమే" అంటూ నా కళ్ళ ముందే దాంట్లోకి "ఉఫ్" అని ఊదాడు. (ఆయన నోట్లో అప్పుడు గుట్కా ఉంది.) నేను వేసిన కేకకి పక్క షెడ్డువాళ్ళు మిషన్ ఆపారు. నాన్న మాత్రం నిజంగానే నొచ్చుకున్నాడు. "నీ కోసమే కదరా, మంచి అద్దమే వేయించినాను" అన్నాడు. ఆ మాటకి కోపం ఎక్కువైందో ఏడుపు వచ్చిందో నాకే తెలియలేదు. రెండు రోజులూ కూర్చుని శుభ్రం చేసుకున్నాను.

ఆ పూట సిర్గిట్టి నుంచి స్కూటర్ మీద తిరిగి వస్తూ నాన్న ఒక మాట అన్నాడు. "స్టేషన్లో పెద్ద కెమెరాలు తియ్యనివ్వరు. ఆఫీసులో రెండు ముక్కలు రాసిచ్చీమంటావేటి, పర్మిషన్‌కి?" అని. నేను ఇంకా ఉడికిపోతున్నాను. "కన్నతండ్రి ఫొటో తీసుకోడానికి పర్మిషనేమిటి నాన్నా? మీరు నా కెమెరా జోలికి రాకుండా ఉంటే అదే పదివేలు" అన్నాను. నాన్న అద్దంలో నా మొహం చూశాడు, స్కూటర్ అద్దంలో. చిన్నత్తని కూడా, స్టేషన్‌కి వచ్చేటప్పుడు సబ్బుపెట్టె ఇంట్లో పెట్టి రమ్మని ఆజ్ఞాపించాను. "అలాగేలే" అంది. చిన్నత్త 'అలాగేలే' అంటే ఏమీ అననట్టే.

ఆఖరి డ్యూటీ రోజు మధ్యాహ్నం పద్నాలుగు జేబుల కోటు వేసుకుని, మెడలో కెమెరాతో, ప్లాట్‌ఫారం చివర ఇంజిన్ ఆగేచోట అందరికంటే ముందు నిలబడ్డాను. వెనక అమ్మ కొత్త చీరలో హారతి పళ్ళెంతో, చిన్నత్త, ఫిట్టర్ మావయ్య, షెడ్డువాళ్ళు, డప్పులు. బండి కనిపించింది. బయల్దేరినచోట కట్టిన దండలు ఊగుతూ ఇంజిన్ వచ్చి నా ముందే ఆగింది. తలుపు తెరుచుకుంది. నేను కెమెరా కంటికి పెట్టాను. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"భయ్యా, బడా కెమెరా నహీ చలేగా. పర్మిషన్ దిఖావో" అన్నాడు కానిస్టేబుల్. మా నాన్న ఆఖరి డ్యూటీ అని హిందీలో చెప్పాను. "బధాయీ హో" అని అభినందించి, "పర్మిషన్?" అన్నాడు మళ్ళీ అంతే మర్యాదగా. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగితే చిన్నత్త చేతిలో సబ్బుపెట్టె! సొంత మేనత్తని వేలు పెట్టి చూపించి, ఆవిడ దగ్గరా కెమెరా ఉంది, ఆవిణ్ణి అడగరేమని అరిచాను. (చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.) కానిస్టేబుల్ అటు చూసి, "వో? వో తో ఖిలోనా హై" అన్నాడు. ఆవిడది ఆటబొమ్మ! నాది మాత్రం అసలు సిసలు కెమెరా! వారం రోజులుగా ఇంట్లో నేను మొత్తుకుంటున్నదాన్ని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే, ఒప్పుకున్నందుకే నా కొంప మునుగుతోంది. ఇక దారి లేక నా కెమెరా కూడా పెద్దదేమీ కాదని, పనికిరానిదని నిరూపించడానికి దిగాను. రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, డప్పుల మీంచి వినపడేలా గొంతు చించుకుని అరిచాను.

"అరే సాబ్, ఇస్ మే తో షీషా హీ నహీ హై!"

అద్దమే లేదండీ బాబూ ఇందులో, అని. డప్పులు సరిగ్గా అప్పుడే ఆగాయి. ఆ మాట ప్లాట్‌ఫారం అంతా వినిపించింది. "షీషా నహీ హై? ఖరాబ్ హై క్యా?" అని కానిస్టేబుల్ జాలిపడ్డాడు. నేను ఆయనకి మిర్రర్‌లెస్ అంటే ఏమిటో ఇరవై ఒకటోసారి మొదలుపెట్టాను. అది ముగిసి నేను ఇటు తిరిగేసరికి నాన్న కిందకి దిగిపోయి, ఛార్జి అప్పగించి, హారతి కూడా అయిపోయి, నుదుట బొట్టుతో జనం మధ్య నడుస్తున్నాడు. కొత్త డ్రైవరు హారన్ కొట్టాడు. దండలతో సహా ఇంజిన్ వెళ్ళిపోయింది.

"తీసినావా?" అంది అమ్మ. ఇంత ఆశగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. మెడలో అంత కెమెరా వేలాడుతుండగా లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అమ్మ తిట్టలేదు. పళ్ళెంలో కర్పూరం మసి వేలితో తుడుస్తూ ఉండిపోయింది, అదే తట్టుకోలేకపోయాను. అప్పుడు చిన్నత్త పర్సులో చెయ్యి పెట్టి, "నేనొకటి నొక్కినానొదినా. పడిందో లేదో తెల్దు, బ్యాటరీ ఎర్రగా కొడతంది" అంది.

పడింది. వెనక దండల ఇంజిన్. దాని మెట్టు మీద యూనిఫారంలో నాన్న, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళు చిట్లించి నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వగలడని అమ్మకే తెలియదట. ముందర ఎడమవైపు మూడో వంతు ఫొటో ఆక్రమించుకుని, రెండు చేతులూ పైకెత్తి, నోరు బార్లా తెరిచి, పద్నాలుగు జేబులతో నేను. కుడి మూల చిన్నత్త బొటనవేలు. నాన్న ఎవరిని చూసి నవ్వుతున్నాడో చెప్పక్కర్లేదు. ఫొటో నిండా మట్టసంగా నిలబడ్డవాళ్ళంతా నాన్న వైపు చూస్తుంటే, నేనొక్కడినే ఆయనకి వీపు పెట్టి ఉన్నాను.

లాప్‌టాప్‌లో నన్నూ బొటనవేలినీ కత్తిరించి పారేసి పెద్దది చేయిస్తానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "నువ్వు తీసుంటే ఇందులో నువ్వుండీవోడివేటి?" అన్నాడు. తనే బజారుకి తీసుకెళ్ళి పటం కట్టించి, తెచ్చి, ఆ మేకుకి తగిలించి, వేలితో టకటకా కొట్టి చూపించాడు. "చూసినావా, దీనికి అద్దం ఉంది."

ఇప్పుడు ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి నేనే వెళుతున్నాను, గొడుగు పట్టడానికి వేరేవాళ్ళున్నారు. నాది మూడో మిర్రర్‌లెస్. నాన్న ఇవాళ్టికీ కొత్త కెమెరా చూడగానే "దీంట్లోనైనా వేసినాడేటి?" అని అడుగుతాడు. ఈ మధ్య కాలేజీ పిల్లలకి ఆ సబ్బుపెట్టెల మీద మోజు పుట్టి, "అంకుల్, అలాంటిది దొరుకుతుందా, ఫొటోలు భలే వస్తాయి" అని నన్నే అడుగుతున్నారు. నేను పళ్ళు నూరుకుని చిన్నత్త ఇంటికి దారి చూపిస్తున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ టీవీ పైకి చూసి, "ఎవరీ గొడవ పడుతున్నాయన?" అంటారు. తెలియదనే చెబుతాను. పొద్దున్నే పనికి బయల్దేరుతూ ఆ పటం ముందు నిలబడి తల దువ్వుకోవడం మాత్రం నాకు అలవాటైంది. పటం అద్దంలో నా నెరుస్తున్న తల, సరిగ్గా వెళ్ళి నాన్న నవ్వు మీద పడుతుంది. పైకెత్తిన చేతులతో ఆ కుర్రాడు పక్కనే అరుస్తుంటాడు, వాడికి జరగమని చెప్పినా వినపడదు. నేనే కాస్త పక్కకి జరుగుతాను, నాన్న కనిపించాలి కదా.