పలకకూడని పేరు

ఎల్వా పెద్దమ్మ, మా అమ్మ కలిసి పాడితే పశువుల శిబిరాల్లో జనం చెవి కోసుకునేవారు. పగలంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం, ఆదివారాలు పాడడం. 1963లో పట్నంలోని తెల్లవాళ్ల సంగీత సంఘం పోటీకి వెళితే గేటు దగ్గరే ఆపేసి, నల్లవాళ్లకు లోపల చోటు లేదన్నారు. పెద్దమ్మ మళ్లీ వేదిక ఎక్కలేదు. ఇంకో నలభై ఏళ్లు దుప్పట్లే ఉతికింది.

అరవై ఏళ్లకు సంఘానికి బుద్ధొచ్చింది. క్షమాపణ చెప్పి, ఇద్దరి పేర్లూ హాలు గోడ మీద చెక్కిస్తామని ఉత్తరం రాసింది. అప్పటికి అమ్మ పోయి నాలుగు నెలలు. మా ఆదివాసుల్లో ఏడుపు కాలం తీరేదాకా పోయిన మనిషి పేరు పలకరు, రాయరు. ఎవరు పోయినా 'కుమంజయి' అంటారు, పేరెత్తకూడని మనిషి అని.

కళ్లు మూసేలోగా చెల్లెలి పేరు ఆ గోడ మీద చూడాలని పెద్దమ్మ ఆశ. సంఘం గుమస్తా ఫోన్ చేసి రెండో పేరు అడిగితే ఓపిగ్గానే చెప్పింది.

"కుమంజయి, ఇప్పటికి. అసలు పేరు మీ పాత కాగితాల్లో ఉంటుంది. ఏడుపు కాలం తీరాక చెక్కండమ్మా."

ఆ మహాతల్లి మొదటి మాటే రాసుకుంది.

సభలో అధ్యక్షుడు క్లైవ్ కళ్లు తుడుచుకుంటూ క్షమాపణ చదివాడు. నాకేమీ అనిపించలేదు. కుర్చీ మెత్తగా ఉంది, అంతే. తెర తీశారు: 'ఎల్వా, కుమంజయి'.

"మనలో పోయినవాళ్లందరికీ కలిపి ఒకటే రాయి వేశారే!" అంది వెనక నుంచి మా వదిన.

సభ అయ్యాక పెద్దమ్మతో కలిసి వెళ్లి సంగతి చెప్పాను. క్లైవ్ మొహం పాలిపోయింది.

"తప్పయిపోయిందమ్మా. ఈ వారంలోనే మార్పిస్తాం. అసలు పేరేంటి?"

"మీ పుస్తకాల్లో లేదా?" అంది పెద్దమ్మ.

"వెతికాం. 'ఇద్దరు నల్ల ఆడపిల్లల్ని వెనక్కి పంపాం' అని మాత్రం ఉంది."

కలం నాకు అందించాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఏడుపు కాలం ఇంకా ఏడాదిన్నర ఉంది. పెద్దమ్మకు ఎనభై రెండు. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"ఆ రోజు గేటు దగ్గర అడగాల్సింది బాబూ. ఇద్దరం పోటీలు పడి చెప్పేవాళ్లం."