మేస్త్రి కొట్టిన మేకు

మా మేస్త్రి గురువారం పొద్దున పోయాడు. నల్లా దగ్గర బిందె పెట్టి వరుసలో నిలబడ్డ మనిషి గోడకానుకుని కూర్చున్నాడట. వంతు వచ్చిందని పిలిస్తే పలకలేదు. ఫోరస్ రోడ్ నుంచి డాక్టరు వచ్చి నాడి చూసి తల ఊపి వెళ్లిపోయాడు.

ఆయన్ని మీరెవరూ ఎరగరు. ఎరగకుండా ఉండేలా ఆయనే చూసుకున్నాడు. పాలమూరు నుంచి కూలికొచ్చిన వాళ్లనీ, మూడు తరాలుగా బొంబాయి కామాటిపురా చాళ్లలో, ఇరుకు గదుల్లో ఉంటున్న మాలాంటి వాళ్లనీ ఒక ఎర్రజెండా కిందికి తెచ్చిన మనిషి ఒక్క ఫొటోలో కూడా లేడు. సంఘానికి అధ్యక్షుడెవరని అడిగితే, "ఈ వారం చాబీ ఎవరింట్ల ఉన్నదో సూడు" అనేవాడు.

సంఘానికి ఉన్నది ఒకే ఖోలీ, ఒక చిన్న గది. దాని తాళంచెవి ఆదివారం ఆదివారం ఇల్లు మారాలి. అది ఎవరింట ఉంటే ఆ వారం మీటింగు పిలిచేది, బయటివాళ్లతో మాట్లాడేది వాళ్లే. తగిలించడానికి ప్రతి ఇంటి గుమ్మానికీ తనే ఒక మేకు కొట్టాడు. రంగు పెచ్చులూడిందని మా ఆవిడ వారం రోజులు సణిగింది.

నాకైతే ఆ పద్ధతే చిరాకు. నాలుగు పుస్తకాలు చదివాను, మరాఠీ దంచికొడతాను. గట్టి కమిటీ ఒకటుండాలి, అది చెబితే జనం నడవాలి అని వాదించేవాణ్ణి.

"బిల్డర్ ఒక్క పూటల తేలుస్తడు మామా. ఇంటింటికి అడిగి తేల్చనీకి మనకు పదకొండు రోజులా?"

"కానీ తమ్మీ. బిరబిర పోయి ఎన్కకు సూస్తే ఎవ్వరు లేకపోతే ఏం జేస్తవ్?"

చాళ్ కూల్చి కొత్తది కడతామని బిల్డర్ మనుషులు తిరుగుతున్న రోజులవి. మా వంతు వచ్చినప్పుడు తాళంచెవి దాటించలేదు నేను. గడ్డుకాలం, ఒక్కచోటే ఉండనివ్వండి అన్నాను. వారం కాస్తా మూడు నెలలైంది. మేస్త్రి ప్రతి ఆదివారం అడిగాడు, మిగతావాళ్లు ఊరుకున్నారు. ఒకరోజు బిల్డర్ మనిషి ఫాక్‌లాండ్ రోడ్‌లో హోటల్‌కి పిలిస్తే ఒక్కణ్ణే వెళ్లాను. చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు, ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను. తెల్లారేసరికి "సంఘం ఒప్పుకున్నది" అని వాడే చాళ్ అంతా చాటించాడు. భయపడి కొందరు సంతకాలు పెట్టి ఖోలీలు పోగొట్టుకున్నారు. వాళ్లు ఇప్పుడు ధారావిలో ఉన్నారు. మిగతావాళ్లు సంతకం పెట్టకపోవడంతో చాళ్ నిలిచింది గానీ వాళ్లు తిరిగి రాలేదు.

మేస్త్రి తిట్టలేదు. "నువ్వు అమ్ముడువోలే, నాకెర్కే. గని వానికి ఒక్కని తోని మాట్లాడితే సాలు అన్నట్టు జేసినవ్" అన్నాడు. మళ్లీ మీటింగే ఇచ్చేదాకా మా ఇంటికి తాళంచెవి రాకూడదని అందరూ తీర్మానించారు.

తొమ్మిదేళ్లు రాలేదు. నడుమ ఒకసారి సిగ్గు విడిచి అడిగాను. "నువ్వొక్క మాట చెప్తే ఇస్తరు మామా."

"ఇస్తరు. గందుకే చెప్ప. నేను చెప్తే ఇచ్చేది నా సంఘమైతది, మనది గాదు."

నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ కోపం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా గుమ్మానికున్న మేకును మాత్రం ఆయన పీకలేదు. ఊరికే ఉందని మా ఆవిడ దానికి గొడుగు తగిలించేది. ఆదివారం అటు వెళ్తూ ఆయన ఆ గొడుగు తీసి గోడకు ఆనించేవాడు. "గిది గొడుగు జాగ గాదు బిడ్డా." ఆయన మలుపు తిరగ్గానే ఈవిడ మళ్లీ తగిలించేది. తొమ్మిదేళ్లూ ఇదే తంతు.

ఆయన పోయిన తర్వాతి ఆదివారం మీటింగు జరిగింది. చెప్పుల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి, నా సంగతి వచ్చిందనీ బయటికి వెళ్లమనీ అన్నారు. ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం ఆ వారం తాళంచెవి ఉంచుకున్న పాలమూరు ఆడమనిషి వచ్చింది. తట్టలు మోసే చేతులకు ఇంకా సిమెంటు ఉంది. కొంగుముడి విప్పింది.

"ఈ వారం మీది అన్నా. మూల ఖోలీ అవ్వ ఒద్దన్నది. గది సుత నీకు చెప్పుమన్నరు."

తాళంచెవి అందుకున్నాను. గొడుగు తీద్దామని గుమ్మం వైపు తిరిగాను. మేకు ఖాళీగా ఉంది. గొడుగు గోడకు ఆనించి ఉంది. మా ఆవిడ లోపల, అటు తిరిగి, బియ్యం కడుగుతోంది.