కుచ్చిళ్లు ఎటువైపో అడగమన్న మాస్టారు

మాస్టారు పోయారన్న సంగతి షాపు షట్టరు ఎత్తుతుండగా తెలిసింది. మా మేనేజరు తాళాల గుత్తి జేబులో వేసుకుంటూ హిందీలో, "మీ మాస్టర్ ఖలాస్ అట. ఊళ్లోనే. గుండె" అన్నాడు. అందులో కఠినత్వమేమీ లేదు. ఇక్కడ గ్యాస్ అయిపోయినా, వీసా అయిపోయినా, మనిషి అయిపోయినా అదే మాట. "యల్లా, లైట్లు వెయ్యి" అన్నాడు తర్వాత. వేశాను.

ఆయన మీకు తెలిసి ఉండరు. రాయచోటి పక్క నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు కువైట్‌లోని మహబూలాలో బట్టలు కుట్టిన మనిషి. మాది చిన్న టైలరింగ్ షాపు. స్కూలు యూనిఫారాలు, ఆల్టరేషన్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల గౌన్లు. నేను కౌంటర్లో కూర్చుని ఆర్డర్లు రాసుకుంటాను. బీఎస్సీ చదివి ఇదేం పనని అడుగుతారని మా ఊళ్లో ఆఫీసు ఉద్యోగమనే చెప్పాను.

మాస్టారు కొలత తీసేముందు "లూజు ఎంత?" అని ఎవరినీ అడిగేవారు కాదు. "ఏం పని చేస్తావమ్మా?" అనేవారు. ఒక శుక్రవారం రుమైథియా నుంచి మా గోదావరి వైపు ఆవిడ గౌను కుట్టించుకోవడానికి వస్తే, "మీ మామా ఇంట్లో మెట్లెన్ని?" అన్నారు. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు.

"మెట్లెందుకండీ బాబూ, గౌనుకి మెట్లు పెడతారేంటి?" అని ఆవిడ నవ్వింది.

"ఎక్కి దిగేదానికి కింద చీలిక కావల్ల గదమ్మా. బట్టలారేసేది మిద్దిపైనేనా? అయితే చంకల కాడ ఇంకో అరించు వదల్తా."

ఆవిడ వెళ్లాక నాతో అన్నారు: "కొలత ఒంటికి గాదు పాపా, పనికి."

నేను చేరిన రెండో నెలలో ఒక ఇంగ్లీషు స్కూలు టీచరు వచ్చారు. స్కాట్లండ్ మనిషి. పిల్లలతో మొదటి ప్రపంచ యుద్ధం మీద నాటకం వేయిస్తున్నారు. ఎనిమిది మంది స్కాట్లండ్ సైనికుల వేషాలకు కిల్టులు, అక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ల లంగాల్లాంటివి, తెప్పించుకున్నారు గానీ వాటి మీద చుట్టుకునే ఖాకీ కవర్లు దొరకలేదట. ఒక కిల్టూ, ఒక పాత ఫోటో కాపీ కౌంటరు మీద పెట్టి చెప్పుకుపోయారు. ఆ యాసలో ఇంగ్లీషు సగం నాకు అందలేదు. "ఎస్ సర్, ఎస్ సర్" అంటూ కాగితం నింపాను.

అందిన సగం ఇది. ఆ సైనికులు గళ్ల ఉన్ని కిల్టు కట్టుకునే యుద్ధానికి వెళ్లేవారు. ఆ రంగులు దూరం నుంచే శత్రువు కంట్లో పడతాయి. బురద పట్టిందంటే ఉన్ని మోయలేనంత బరువు. అందుకని పైన ఖాకీ గుడ్డ చుట్టేవారు. దానికి ముందువైపు ఒక జేబు.

మాస్టారు కిల్టును రెండు చేతులతో ఎత్తి బరువు చూశారు. కుచ్చిళ్లు ఒక్కొక్కటే వేలితో తెరిచారు. "గడి మీద గడి ఎట్ల కూర్చోబెట్టినాడో సూడు. వీడెవుడో పనోడు." ఖాకీ ఎందుకో నేను చెబితే, తెరిచిన కుచ్చిళ్లు మళ్లీ సర్దారు. "రంగు కనపడితే సంపుతారని పైన కప్పినారు. అయినా ఇప్పి ఇంట్లో పెట్టి పోలా సూడు పాపా. లోపల కట్టుకునే పొయినారు."

ఫోటోలో సైనికులు ఎదురుగా నిలబడి ఉన్నారు. కవరు కింద కుచ్చిళ్లు ముందున్నాయో వెనకున్నాయో తెలియదు. కుచ్చిళ్లున్న వైపు కవరుకు గుడ్డ ఎక్కువ వదలాలి, లేకపోతే నడక సాగదు.

"మన పంచెకైనా చీరకైనా కుచ్చిళ్లు ముందరే" అన్నారు మాస్టారు. "బుద్ధికి ముందరే అనిపిస్తాది, చేతికి ఎనక అనిపిస్తాది. ఆ సారుకు ఫోన్ చేసి అడుగు."

ఫోను పట్టుకుని బయట మెట్ల మీదికి వెళ్లాను. నంబరు తీశాను. అర్థం కాలేదు సర్, మళ్లీ చెప్పండి అని ఇంగ్లీషు చదివిన నేను అడగాలి. నెట్‌లో ఫోటోలు వెతికినా అరనిమిషంలో తేలేది. అదీ చేయలేదు. కుచ్చిళ్లు ముందు కాక ఇంకెక్కడుంటాయి? రెండు నిమిషాలు ఆగి లోపలికి వచ్చాను.

"అడిగానండి. ముందుకేనంట."

"కచ్చితమా?"

"కచ్చితమండి."

వారం తర్వాత ఎనిమిది కవర్లూ తిరిగి వచ్చాయి. కిల్టుకు కుచ్చిళ్లు వెనకే. పిల్లలు కట్టుకుంటే వెనక బిగుసుకుపోయి పైకి లేచిందట, ముందు గోనెసంచిలా వేలాడిందట. మేనేజరు కవర్లు కటింగ్ బల్ల మీద పడేశాడు.

"ఇరవై రెండేళ్ల సర్వీసు! మనిషికి ముందేదో వెనకేదో తెలియదా? కళ్లు పోయాయా?"

నేను నోరు తెరిచాను. మాస్టారు నా వైపు చూడకుండానే హిందీలో, "అవును సార్, కళ్లు మసకలయ్యాయి. తప్పు నాదే" అన్నారు.

ఆ శుక్రవారం పగలంతా కూర్చుని ఎనిమిది జేబులూ విప్పి, కవర్లు తిప్పి, రెండోవైపు మళ్లీ కుట్టారు. నేను దారప్పోగులు ఏరాను.

"ఎందుకలా చెప్పారండీ?"

"నువ్వొచ్చి రెండు నెల్లు. నీ పేరు చెప్పింటే రేపే నీకు టికెట్టు. నాకేం, ఊర్లో మిషనుండాది." తర్వాత నవ్వి, "ఇప్పేది తెలిసినోడే టైలరు. ముఖం అట్ల పెట్టబాక, ఆ పోగు తియ్యి" అన్నారు.

నాటకం బాగానే జరిగిందట. మేనేజరుకు మాత్రం కళ్లు పోయాయన్న మాట గుర్తుండిపోయింది. ఆ నెలాఖరుకు మాస్టారి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రెన్యువల్. మేనేజరు చేయించలేదు. నిజం చెప్పడానికి నాకు మూడు వారాల టైముండేది. ఈరోజు చెప్పేద్దామని రోజూ బస్సులో అనుకునేదాన్ని. షాపు వచ్చేసేది. ఆయన ఊరికి వెళ్లిపోయారు.

ఆయన బల్ల దగ్గర ఇప్పుడు వేరే దేశం మనిషి. మంచివాడే, "లూజ్ కిత్నా?" అని అడుగుతాడు. షాపువాళ్లలో నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. కొత్త ఉద్యోగాల కోసం ఫోను చూస్తూ, చూడటం మానేస్తూ ఏడు నెలలు గడిపాను.

నిన్న ఆ కబురు విని లైట్లు వేశాక మేనేజరుకు నిజం చెప్పాను. "పోయాక చెప్పి ఏం లాభం?" అని కొలతల పుస్తకం నా ముందుకు జరిపాడు. మధ్యాహ్నం మాస్టారి భార్యకు ఫోన్ చేశాను.

"కౌంటర్లో కూర్చునే పాపవా? నీ మాట శానాసార్లు చెప్పినాడు" అందావిడ. మొదట ఏవో పరామర్శ మాటలన్నాను. ఆవిడ వింటూ వింటూ అంది: "కండ్లు పోయి వచ్చినాడని ఎవురో ఈడికి చెప్పేసినారు. ఏడు నెలలు పాపా, ఒక్కరు జాకెట్టు గుడ్డ తెచ్చియ్యలా. పొద్దున్నే మిషను తుడిచేది, తలుపు తట్టు సూస్తా కూర్చునేది."

ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఫోటో, మెట్లు, నా అబద్ధం.

"అట్లనా" అంది ఆవిడ. తిట్టలేదు. "నాతో గూడా ఒక్క మాట అన్లా ఆయన." ఆ వెంటనే, "నాకు గాదు పాపా. ఈడ ఊరోళ్లంతా కూసోనుండారు. ఆళ్లకు చెప్పు. గట్టిగా చెప్పు" అంది.

ఫోను గచ్చు మీద పెట్టిన చప్పుడైంది. అటువైపు మాటలు ఒక్కొక్కటే ఆగాయి. "నేను కువైట్‌లో మాస్టారి షాపులో కౌంటరు పిల్లనండి" అని మొదలుపెట్టాను. "ఆయన కళ్లు బాగానే ఉన్నాయండి. అడగకుండా అడిగానని చెప్పింది నేను. తప్పు నాది."

ఒక పసిబిడ్డ ఏడ్చింది, ఎవరో ఊరుకోబెట్టారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది. వాళ్లు ఫోను కట్ చేయలేదు. నేనూ చేయలేదు.