విసీ నోరు జారిన ఊరు

సరగోసా పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో విసీ, ఒరోసియా, నేను ఒకే వరసలో మిషన్లు తొక్కేవాళ్ళం. మిషన్ల రొదను మించి పాడేవాళ్ళు వాళ్ళిద్దరూ. ఒక రికార్డుల కంపెనీ వాళ్ళను జంటగా పట్టుకుపోయి, తళుకుల గౌన్లు తొడిగి, అక్కచెల్లెళ్ళని చాటించింది. ఒరోసియా పొట్టి, విసీ తాటిచెట్టంత. అయినా ఎవరూ అడగలేదు.

వాళ్ళ పాట ఒకటి ఆ వేసవంతా దేశంలో మోగింది. ఆ తర్వాత ఊరూరా ఉత్సవాల్లో కచేరీలే. అయితే అక్కడ పాడేది టేపు. వీళ్ళు పెదాలు కదపాలి. పలకరింపు అయిపోగానే మేనేజరు అర్సేనియో మైకు కట్టేసేవాడు.

"మా గొంతే కదండీ, మేం పాడితే ఏం పోయింది?" అని విసీ ప్రతి ఊళ్ళోనూ అడిగేది.

"టేపుకి జలుబు చెయ్యదమ్మా. జీతం పెంచమని కూడా అడగదు."

గొంతు కూలివాళ్ళది, టేపు యజమానిది. సొంతంగా పాడితే ఒప్పందం రద్దు. జనం ముందు ఒక్కసారైనా నోరారా పాడాలని విసీ తపించిపోయేది.

అల్మెండ్రోసా ఉత్సవానికి నేనూ వెళ్ళాను. విసీ వేదికెక్కి చేతులు చాచి, "బాగున్నారా, తోర్రెసేకా!" అంది.

తోర్రెసేకా పక్కూరు. ఆ ఊరివాళ్ళు తమ చర్చి గంటను ఎత్తుకెళ్ళారని అల్మెండ్రోసా వాళ్ళకు తాతల నాటి పగ. జనం బిగుసుకుపోయారు. ముందు వరసలోని ఫెర్మినా అవ్వ లేచి, వేదిక పక్కనున్న టేపు పెట్టెకేసి చెయ్యి చూపిస్తూ హోతా ఎత్తుకుంది. ఎకసెక్కాలాడుకుంటూ పాడే ఆ పాట మా అందరికీ ఉగ్గుపాలతో వచ్చిందే.

"రంగులు పూసిన పెదవులు చూడు, రాగం పెట్టెలో ఉంది,
ఊరి పేరైనా తెలియని పిల్లకు నోరు ఎందుకు ఉంది?"

అర్సేనియో కంగారులో మైకు కట్టెయ్యడం మరిచాడు. విసీ అందుకుంది:

"నోరున్నందుకే తిట్లు పడ్డాను, నోచుకున్నానులే అవ్వా,
పక్కూరి పేరుకే ఇంత మంటా? పొయ్యి ఆర్పుకో అవ్వా!"

జనం ఈలలేశారు. అర్సేనియో గబుక్కున టేపు నొక్కాడు. పెట్టెలోంచి ఒరోసియా గొంతు తీయగా సాగింది. ఒరోసియా మాత్రం కూజా ఎత్తి నీళ్ళు తాగుతోంది. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

"ఆ పెట్టె కట్టెయ్యవయ్యా! మేం పిల్లతో మాట్లాడుకుంటున్నాం!" అని అవ్వ కసిరింది.

ఒరోసియా మూతి తుడుచుకుని, "ఒప్పందం పోతుందే," అని విసీ చెవిలో అంది.

"పోనీవే. నువ్వు పైస్థాయి అందుకో."

ఇద్దరూ గొంతు బొంగురుపోయేదాకా ఊరివాళ్ళను తిట్టారు, తిట్టించుకున్నారు.

రికార్డుల కంపెనీ ఆ ఇద్దర్నీ వదిలించుకుంది. మళ్ళీ మా పక్క మిషన్ల ముందుకే వచ్చి కూర్చున్నారు. మరుసటి వేసవిలో తోర్రెసేకా పెద్దలు ఫ్యాక్టరీ గేటు దగ్గరికే వచ్చారు.

"అమ్మాయిలూ, మా ఉత్సవానికి మీరే పాడాలి. టేపు వద్దు. అల్మెండ్రోసా వాళ్ళను తిట్టినదానికన్నా మమ్మల్ని ఇంకాస్త ఎక్కువ తిట్టాలి!"