మేజోళ్ళతో వచ్చిన దొర

“మైనం మరీ ఎక్కువ రుద్దీసినావే. ఎవులో ఒకలు జారతారు.”

“నువ్వు మొక్కలు సూసుకో. నేల సంగతి నాకొగ్గీ.”

నేనూ మా ఆయన అప్పన్నా ఆఖరుగా అనుకున్న మాటలివే. ఆ సాయంత్రం నీళ్ళ గొట్టం చుట్టబెడుతూ తోటలోనే కూలబడ్డాడు, మరి లేవలేదు.

మింగళాడోన్ ఊరి వైపు ఇంగ్లీషు దొరల నాటి పెద్ద బంగళా. చుట్టూ గడ్డి మైదానం, నిద్రగన్నేరు చెట్లు. టిక్కెట్టు మీద చూడనిస్తారు. అందులో ఆయన హెడ్ మాలీ, నేను నేల పాలిష్ మనిషిని, టెంపరవరీ. పెరటి గది ఆయన పోస్టుకిచ్చింది. నెలాఖరుకి నేను పర్మినెంటు అయితే గది ఉంటుంది, లేకపోతే మూట కట్టుకోవడమే.

పెద్దకర్మ అయిన వారానికి, ఆ ఇల్లు కట్టిన దొర మనవడు చూడ్డానికి వస్తున్నాడన్నారు. నేల అద్దంలా ఉండాలి, నీ సంగతి ఆ తర్వాతే అంది మేనేజరు డో మిన్.

టేకు నేలకి తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి గుడ్డతో పూయాలి. ఆరాక కొబ్బరి డొక్క కాలి కింద పెట్టి, చెక్క గీతల వెంట రుద్దాలి. చివర్లో వట్టి కాళ్ళతో నడిచి చూడాలి. అరికాలు అంటుకోకపోతే పని అయినట్టు. నేను రెండు పూతలు వేశాను.

ఆ మనవడూ ముసలి దొరే. మర్యాదగా గుమ్మంలో బూట్లు విప్పాడు. మేజోళ్ళు ఉంచుకున్నాడు. ఒక అడుగు వేశాడు, రెండోది వేయకుండానే మెట్ల దాకా వెళ్ళిపోయి అక్కడ చతికిలబడ్డాడు.

డో మిన్ మొహం సున్నమైపోయింది. నేను ఎవర్నీ అడగలేదు. వెళ్ళి ఆయన ముందు కూర్చుని రెండు మేజోళ్ళూ లాగేశాను. దొర లేచి నాలుగడుగులు వేసి, వెంట వచ్చిన గైడుతో ఏదో అన్నాడు. తన తాత ఈ నేల మీద ఎప్పుడైనా వట్టి కాళ్ళతో నడిచాడా అని నన్ను అడగమన్నాడట.

“నాకేటి తెలుసు బాబూ. నేల బాగుందో లేదో సెప్పమను,” అన్నాను.

దొర నవ్వి, గదులన్నీ అలాగే తిరిగాడు, మైదానంలో చెట్ల దాకా కూడా వెళ్ళాడు. బూట్లొక చేత, మేజోళ్ళొక చేత పట్టుకుని వెనకాల నేను.

మర్నాడు, విప్పాల్సినవి రాసిన గుమ్మం బోర్డు మీద చెప్పుల పక్కన మేజోళ్ళు అని కూడా రాయించారు. నెలాఖరుకి పర్మినెంటు కాగితం ఇస్తూ, ఇక మీదట ఒక్క పూతే అంది డో మిన్. నిరుడు పనిలోంచి దిగిపోయేదాకా ఒక్క పూతే వేశాను.

నేల బాగుందో లేదో నడిచేవాళ్ళ కాళ్ళతో చూసుకోవాలి, మన కాళ్ళతో కాదు. మా ఇద్దరిలో మేజోళ్ళు తొడిగేది అప్పన్నే, గమ్‌బూట్ల లోపల; బూట్లు విప్పితే నేల మీద ఆ మేజోళ్ళతోనే. జారతారన్న ఆ మాట ఊరికే అనలేదు.

రాసినావా పార్వతీ? అత్త సెప్పింది సెప్పినట్టే రాసినావు కదా. ఓపాలి సదువు, మీ మావ మాట కాడ్నించి.