జీపులో ఒక్క సీటు

హన్మకొండలో నేను వంట చేసే ఇంట్లో సారూ మేడమూ ఇద్దరే. సారు రిటైరయ్యాక పెద్ద జీపు కొన్నాడు. బురదలో, ఇసుకలో, రాళ్ల మీద కూడా పోయే రకం. దాని నెత్తిన సామాను కట్టే ఇనుప చట్రం, ఎక్కడానికి నిచ్చెన. రాజస్థాన్ ఎడారికి పోయి, అక్కడి నుంచి మంచుకొండలకు పోయి, నెల రోజులు బయటే వండుకుని, గుడారంలో పడుకుని రావాలని వాళ్ల కోరిక. దసరా ముందు నుంచి వాళ్ల డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచే ఉండేది. నేను దాని పక్కన ఇంత జాగా చేసుకుని పళ్లేలు పెట్టేదాన్ని.

మేడంకు భుజం నొప్పి, గిన్నె ఎత్తడం కష్టం. వంటకూ తోడుకూ ఒక ఆడమనిషిని తీసుకుపోదామనుకున్నారు. వెనక భాగమంతా సామానుకే పోయి ఒక్క సీటు మిగిలింది. ఆ మాట చెవిన పడ్డ రోజే మనసులో నేను ఆ సీటులో కూర్చున్నాను. ఎనిమిదేళ్లుగా ఆ ఇంటి ఉప్పూ కారం నా చేతిలోనివే కదా! బజారుకు పోయి ఉన్ని శాలువా బేరం కూడా చేసి వచ్చాను.

వాళ్లు మా తోటికోడలిని అడిగారు.

అంట్లు తోమడానికి దాన్ని ఆ ఇంట్లో పెట్టించింది నేనే. నా కంటే పదిహేనేళ్లు చిన్నది, పదో తరగతి చదివింది. మేడం నాతో నెమ్మదిగానే చెప్పింది.

"నువ్వు ఆ నిచ్చెన ఎక్కలేవు గదమ్మా. అదైతే బోర్డులు చదువుతది, మందు గోలీల పేర్లు చదువుతది. ఏమనుకోకు."

నాకు చదువు సంతకం వరకే. కాదనలేను. కానీ కడుపు మండింది. దానికి మొగుడున్నాడు, సాయంత్రమైతే చాయ్ పెట్టవా అని అడిగే మనిషి ఉన్నాడు. నాకు ఆ మనిషి పోయి ఆరేళ్లు. మొగుడూ దానికే, ఎడారీ దానికేనా? పైగా మా మరిది "పోయి రాయే, పిల్లల్ని నేను చూసుకుంట" అన్నాడట. అది నాకు ఆ మాట చెప్పి నవ్వుతుంటే దాని ముఖం చూడలేక కూరలో కరివేపాకు వేశాను. అప్పటికే ఒకసారి వేసిన కూర అది.

బయలుదేరడానికి ముందు సారు ఒకరోజు పరీక్ష పెట్టాడు. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఇసుకలో జీపు దింపి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎడారిలో ఉన్నట్టే ఉండాలి. నలుగురికీ కలిపి ఒక్క డబ్బా నీళ్లు. ఆ రోజుకు సామాను తక్కువ కాబట్టి మసాలాలు సర్దడానికి నన్నూ రమ్మన్నారు.

"పక్కనే గోదారి పారుతాంటే ఈ డబ్బా ముచ్చటేంది సార్?" అంది తోటికోడలు.

"గోదావరి లేదనుకో," అన్నాడు సారు.

"గంత పెద్ద గోదారిని ఎట్ల లేదనుకోవాలె సార్!"

మేడం పడీ పడీ నవ్వింది. ఎనిమిదేళ్లలో నా మాటకు ఒక్కసారి అట్లా నవ్వలేదు.

తోటికోడలు బియ్యం మూడుసార్లు కడిగింది. గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించి, గంజి ఇసుకలోకి వార్చింది. పప్పు గిన్నె కడిగింది, గరిటె కడిగింది, మాటిమాటికీ చేతులు కడిగింది. నేను డబ్బా వైపు చూస్తూనే ఉన్నాను. చెప్పొచ్చు. చెప్పలేదు. వక్క నములుతూ కూర్చున్నాను. అందరం తిని లేచేసరికి డబ్బా నల్లా తిప్పితే గాలి వచ్చింది.

"రేపు ఎడారిల గిట్లయితే ఏంజేస్తం?" అని సారు గరమయ్యాడు.

"అక్కనే నేర్పింది సార్. మూడుసార్లు కడగకుంటే తిడతది," అంది తోటికోడలు ఏడుపు గొంతుతో.

అందరూ నన్ను చూశారు. ఇదే అదను అనుకున్నాను. "జర జరుగు" అని దాన్ని పక్కకు నెట్టి, అవసరానికని సారు జీపులో దాచిన చిన్న నీళ్ల డబ్బా తీయించాను. సాయంత్రం వంటకు బియ్యం ఒక్కసారే కడిగి, ఆ కడుగునీళ్లలో పప్పు నానేశాను. గంజి వార్చే పని లేకుండా కొలిచి ఎసరు పెట్టాను. గిన్నెలు పొడి ఇసుకతో తోమి గుడ్డతో తుడిచాను. రెండు చెంబుల నీళ్లతో పని అయిపోయింది. పెళ్లయిన కొత్తలో నేనూ నా మొగుడూ ఏటూరునాగారం అడవుల్లోకే బీడీల తునికాకు కోతకు పోయేవాళ్లం. బిందె నీళ్ల కోసం కాళ్లు పడిపోయేలా నడిచి నేర్చుకున్న వంట అది.

సారు ముద్ద నోట్లో పెట్టుకుని తల ఊపాడు. సీటు నాదే అనుకున్నాను. మేడం నా వీపు తట్టింది.

"ఇదంతా దానికి నేర్పియ్యవా? ఇంక నాలుగు రోజులున్నయి."

నేర్పాను. నేర్పకపోతే అక్కడ చేసే ప్రతి తప్పుకూ అది నా పేరే చెబుతుంది. మా వాకిట్లో పొయ్యి పెట్టించి రోజుకు మూడుసార్లు వండించాను. మాడితే తిట్టాను, పలుకైతే తిట్టాను, బాగా కుదిరినా తిట్టాను.

"నీకు కుళ్లు అక్కా," అంది నాలుగో రోజు, నవ్వుతూనే.

"ఉన్నది. ఏంజేస్తవ్?"

ఆ తర్వాత ఇద్దరం ఆ అన్నమే తిన్నాం.

వాళ్లు వెళ్లిన ఆరో రోజు ఫోన్ చేసింది.

"ఎడారిల వండిన, అక్కా! అన్నం మల్లెపువ్వోలె అయింది. సార్ రెండోసారి పెట్టించుకున్నడు."

"పప్పు?"

"మంచిగుడికింది."

"అడుగంటలేదా?"

"లేదక్కా."

ఇసుక ఏ రంగులో ఉంది, ఒంటెలు దగ్గరికి వస్తాయా అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే చెప్పేది, సంబరంగా చెప్పేది. "పొయ్యి మీద పాలున్నయి" అని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.